కోరంగి మడ అడవికి మా తొమ్మిదో తరగతి: అనుమతి కోసం పడిన పాట్లు

నిన్న రాత్రి పిల్లలందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. నా చీర అంచుకు అంటిన బురద ఇంకా వదల్లేదు. ఆ కార్యాలయంలో పడ్డ మాట కూడా మనసులోంచి పోలేదు. వేడి తగ్గకముందే రాసేస్తున్నాను. రేపు మరో సాంఘిక శాస్త్రం టీచరు తన పిల్లలను మడ అడవికి తీసుకువెళ్లాలనుకుంటే, నాకు జరిగింది ఆమెకు జరగకూడదు.

మాది మెట్ట ప్రాంతంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాల. సముద్రం మరీ దూరమేమీ కాదు, అయినా మా తొమ్మిదో తరగతిలో చాలామంది దాన్ని చూడలేదు. శిలావరణం, జలావరణం, వాతావరణం, జీవావరణం అని వాళ్లు నాలుగు వేరువేరు పాఠాలు చదువుతారు, పరీక్షలో నాలుగు వేరువేరు జవాబులు రాస్తారు. ఈ నాలుగూ ఒకేచోట కలిసి ఉన్న తావు చూపించాలని నా పట్టుదల. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరంగి అభయారణ్యం అలాంటిది. త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి, మోసుకొచ్చిన ఒండ్రును అక్కడ దింపుతుంది. సముద్రం రోజుకు రెండుసార్లు కాలువల్లోకి ఎక్కి దిగుతుంది. ఆ ఉప్పు, ఆ తీపి కలిసిన నీటిలో మడచెట్లు పెరుగుతాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు కోరంగి. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది, రేవు మళ్లీ పాత వైభవం చూడలేదు. ఒక్కరోజులో ఇంత పాఠం చెప్పగల తావు మరొకటి ఎక్కడ దొరుకుతుంది?

హెచ్ఎం గారు అడిగిన వెంటనే సరే అన్నారు. తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు వారంలోపే వచ్చాయి. ఆడపిల్లల ఇళ్లకు మాత్రం నేనూ, మా హిందీ మేడమూ స్వయంగా వెళ్లి మాట్లాడాం. బస్సు మాట్లాడటం, భోజనాల ఏర్పాటు, ప్రథమ చికిత్స పెట్టె వంటివన్నీ పీఈటీ సార్ చూసుకున్నారు. అటవీ శాఖ వారు ఫోనులోనే అన్నీ వివరంగా చెప్పారు, పడవ ఎప్పుడు తిరుగుతుందో కూడా.

నేను ఎంచుకున్న తేదీ మాఘ పౌర్ణమి మరునాడు. దానికి కారణం ఉంది. పౌర్ణమి, అమావాస్యలప్పుడు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి పోటు (నీరు పొంగడం) ఎక్కువగా వస్తుంది, ఆటు (నీరు వెనక్కి తీయడం) అంత లోతుకూ తీస్తుంది. అష్టమి నాటికి రెండూ బలహీనపడతాయి. కాలువలో నీరు నిండితేనే పడవ తిరుగుతుంది. నీరు బాగా తీస్తేనే, ఊపిరి కోసం బురదలోంచి పైకి వచ్చే మడచెట్ల శ్వాస వేర్లు బయటపడతాయి. కాకినాడ తీరంలో పౌర్ణమి రోజుల్లో పోటు ఉదయం పూట, ఆటు మధ్యాహ్నం తర్వాత వస్తుంది. అంటే పొద్దున పడవ ఎక్కించి, మధ్యాహ్నం చెక్కదారి మీద నడిపిస్తూ వేర్లు చూపించవచ్చు. పైగా మాఘ మాసంలో బంగాళాఖాతంలో తుపాన్లు చాలా అరుదు. ఇదంతా దరఖాస్తులో రాశాను.

దరఖాస్తు జిల్లా కార్యాలయానికి వెళ్లింది. అక్కడే అంతా ఆగిపోయింది.

ఆ సెక్షన్ చూసే ఆయన మొదట నా కాగితంలో ‘మడ అడవులు’ అన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి, “అడవి అంటే సైన్స్ వాళ్లది కదమ్మా, సోషల్ వాళ్లు కోటలో గుళ్లో చూపించుకోవాలి” అన్నారు. భౌగోళిక శాస్త్రం సాంఘిక శాస్త్రంలో భాగమని, ఆవరణ వ్యవస్థలు మా పాఠ్యాంశమని పుస్తకం తెరిచి చూపించాను. ఆయన పుస్తకం వైపు చూడలేదు. మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లాను. ఫైలు పైన ఉందన్నారు. పైన అడిగితే కిందనే ఉందన్నారు. బడి వదిలాక బస్సెక్కి వెళ్లేసరికి సగం రోజులు కుర్చీ ఖాళీగా ఉండేది. మరో కుర్చీ ఉన్నా కూర్చోమని ఎవరూ అనలేదు. ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన మనిషిని, గోడకు ఆనుకుని నిలబడ్డాను.

చివరికి ఫైలు కదిలింది. చూస్తే తేదీ మార్చేశారు! పౌర్ణమి మరునాడు కొట్టేసి, బహుళ అష్టమి నాటికి వేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ రోజు పోటు పెద్దగా రాదు, ఆటు పెద్దగా తీయదు. పడవ సంగతి అనుమానం, వేర్లు సగం నీటిలోనే ఉంటాయి. వెళ్లి ఇదే చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, గదిలో అందరికీ వినపడేలా, “సోషల్ మేడం గారు పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకున్నారట, మార్చడానికి వీల్లేదట” అన్నారు. గది మొత్తం నవ్వింది. నా కంటే పదేళ్లు చిన్నదైన కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి కూడా తల వంచుకుని నవ్వింది. నా ముఖం వేడెక్కిపోయింది. తిథిని బట్టి సముద్రం మారుతుందన్నది మూఢనమ్మకం కాదు. వేటకు వెళ్లే ప్రతి మత్స్యకారుడికీ తెలిసిన నిజం. మా పిల్లలకు నేను చెప్పే పాఠం. బయట నిలబడిన అటెండరు, సముద్రం ఒడ్డునున్న ఉప్పాడ వైపు మనిషి, గడప దగ్గరి నుంచే “అవునండి, పున్నమికి పోటు పెద్దదండి” అన్నాడు. ఆయన మాటను కూడా ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో ప్రాణం లేచివచ్చింది.

అంతటితో అయిపోలేదు. తేదీ మార్చాలంటే, పర్యటన రోజున తుపాను, ఉప్పెన, సునామీ, వరద వంటి ప్రకృతి వైపరీత్యం ఏదీ సంభవించదని నేను రాతపూర్వకంగా హామీ ఇవ్వాలన్నారు. సంభవిస్తే బాధ్యత పూర్తిగా నాదే అట. అలాంటి హామీ భూమి మీద ఎవరు ఇవ్వగలరు? నేను సంతకం పెట్టనన్నాను. అయితే ఫైలు ఇక్కడే ఉంటుందన్నారు.

ఆ రాత్రి కూర్చుని వాళ్లు అడిగిన హామీకి బదులు నాకు తెలిసిన శాస్త్రం రాశాను. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. ఆ కాలంలో సముద్రపు పైపొర వేడిగా ఉంటుంది, గాలులు తుపాను గుండం నిలవడానికి అనుకూలిస్తాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న, కోనసీమ తుపాను 1996 నవంబరు 6న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటాయి. మూడూ ఆ కాలంలోనివే. తుపాను ఒక్క పూటలో పుట్టుకురాదు. వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరిస్తుంది. పసుపు రంగు హెచ్చరిక వచ్చినా ప్రయాణం మానుకుంటామని రాశాను. సునామీ సంగతి వేరు, దానికి కాలం ఉండదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూమి కంపించాక మన తీరాన్ని అల తాకడానికి రెండు గంటలకు పైనే పట్టింది. అప్పట్లో హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఆ పని చేస్తోంది. హెచ్చరిక అందితే పిల్లలను ఏ దారిన, ఎంతసేపట్లో తీరానికి దూరంగా తీసుకువెళతామో పటం గీశాను. చివర మరో మాట చేర్చాను. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపాడా జిల్లాలో పరిశోధకులు లెక్కతీస్తే, మడ అడవి వెడల్పుగా మిగిలిన చోట మరణాలు తక్కువని తేలింది. మనుషులను ఉప్పెన నుంచి కాపాడే అడవిని చూడటానికి మా పిల్లలు వెళుతున్నారు. ప్రమాదం పేరు చెప్పి ఆ పాఠాన్నే ఆపడం తగదని రాశాను.

ఈసారి సెక్షన్‌కు వెళ్లలేదు. నేరుగా పై అధికారి గారి గది ముందు నిలబడ్డాను. ఆయన ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి, పటం వైపు కాసేపు చూసి, “తేదీ మీరు అడిగిందే ఉంచుదాం మేడం, కూర్చోండి” అన్నారు. సంతకం అక్కడే పెట్టారు. ప్రొసీడింగ్స్ (అనుమతి ఉత్తర్వు) కాపీ చేతికి వచ్చాక నేను ఆ సెక్షన్ గది ముందు నుంచే తల ఎత్తుకుని నడిచి వెళ్లాను. ఇది గొప్పగానే చెప్పుకుంటున్నాను.

కాబట్టి టీచర్లకు నా సలహాలు కొన్ని. దరఖాస్తులో ‘విహారయాత్ర’ అన్న మాట రానివ్వకండి, ‘క్షేత్ర పర్యటన’ అని రాయండి. కార్యాలయం తపాలు సెక్షన్‌లో కాగితం ఇచ్చి వెనుదిరగకండి. దరఖాస్తు అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరు చేతికి వచ్చేదాకా అక్కడే నిలబడండి. ప్రకృతి గురించి ఎవరు హామీ అడిగినా సంతకం చేయకండి, జాగ్రత్తలు ఏమిటో రాసి ఇవ్వండి. అడిగిన తేదీ వదలకండి. మన పాఠాన్ని మనమే తక్కువ చేసుకుంటే ఎదుటివారు ఎందుకు గౌరవిస్తారు? లెక్కలకూ సైన్స్‌కూ ఉన్న విలువ సాంఘిక శాస్త్రానికి లేదనే ఆలోచన కార్యాలయాల్లోనే కాదు, మన స్టాఫ్ రూముల్లో కూడా ఉంది. నాకు దాని మీద చాలాకాలంగా కోపం.

ఇక నిన్నటి సంగతి. పొద్దున కాలువ నిండుగా ఉంది, పడవ హాయిగా కదిలింది. మధ్యాహ్నం దాటాక నీరు తీయడం మొదలైంది. చెక్కదారి పక్కన బురదలోంచి ముందు పది, తర్వాత వంద, ఆ తర్వాత లెక్కలేనన్ని వేర్లు పెన్సిల్ పొడవున నిటారుగా పైకి తేలాయి. అటవీ శాఖ ఉద్యోగి ఒకాయన వంగి, బురదలో గాలి ఉండదు కాబట్టి మడచెట్టు వేర్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుందని చెప్పారు. ఉప్పు పొన్నచెట్టు ఊత వేర్లు, దాని మీద మునగకాడలా వేలాడుతున్న మొలకలు చూపించారు. విత్తనం చెట్టు మీదనే మొలకెత్తి, అదునుకు బురదలో గుచ్చుకుంటుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని దూరం జరిపించారు. రెక్కలను ఊతం చేసుకుని బురద మీద గెంతే చిన్న చేపలను చూసి పిల్లలు కేకలు వేశారు. బావురుపిల్లి రాత్రివేళ వేటాడుతుంది కాబట్టి కనపడలేదు.

వెనుక బెంచీలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి, “మేడం, ఈ ఒండ్రంతా గోదావరి తెచ్చిందే కదా, మరి ఆనకట్టల దగ్గర ఒండ్రు ఆగిపోతే ఈ అడవి ఎలా పెరుగుతుంది?” అని అడిగాడు. ఆ ఉద్యోగి పనిమాలా వాడి పక్కన కూర్చుని, ఒండ్రు తగ్గితే డెల్టా అంచును సముద్రం కోస్తుందని చాలాసేపు వివరించారు. నాలుగు పాఠాలు వాడి ప్రశ్నలో కలిసిపోయాయి. ఇంతకంటే మంచి ప్రశ్న ఏ పరీక్ష పేపర్లోనూ నేను చూడలేదు.

వచ్చే ఏడాది వీళ్లు పదో తరగతికి వస్తారు. సున్నపురాయిని నీరు ఎలా కరిగిస్తుందో బొర్రా గుహల్లో చూపించాలని ఉంది. దరఖాస్తు జూన్‌లోనే ఇస్తాను. నా ఒక పేజీ వివరణ పత్రం, పటం ఎవరికైనా కావాలంటే పంపుతాను. తేదీ, తిథి మార్చుకుని వాడుకోండి.