మొదటి సీజన్ ఉడుతకే: అమెరికాలో స్మాల్ గేమ్ (చిన్న జంతువుల) వేట

వేట మొదలుపెడదామనుకున్నవాళ్ళ కన్ను ముందు జింక మీద పడుతుంది. తొందరపడొద్దు. సీజన్ మొత్తం మీద జింకను కొట్టే అవకాశం ఒక్కసారి దొరికితేనే గొప్ప, అది చెడిందంటే మళ్ళీ ఏడాది ఆగాలి. ఉడుత అలా కాదు. చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు ప్రాంతంలో మొదలై చలికాలం దాకా సీజన్ నడుస్తుంది. రోజుకు అయిదారు కొట్టుకోనిస్తారు. ఒకే పొద్దుట నాలుగు తప్పులు చేసి నాలుగూ దిద్దుకోవచ్చు. మాటు వేయడం, దూరం అంచనా, గురి, పడ్డదాన్ని వెతకడం, తోలు ఒలవడం అన్నీ అక్కడే వచ్చేస్తాయి. కుందేలు ఆ తర్వాత. గువ్వలు (డవ్‌లు), బాతులు వలస పక్షుల కిందికి వస్తాయి, వాటికి ఫెడరల్ నిబంధనలు విడిగా ఉంటాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడమే నయం. (ఇదంతా అమెరికా సంగతి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలును కొట్టినా నేరమే.)

తుపాకి కంటే ముందు కాగితాలు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, ఒక రాష్ట్రంలో తీసుకున్నదాన్ని మిగతా రాష్ట్రాలూ ఒప్పుకుంటాయి. తర్వాత మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ దగ్గర స్మాల్ గేమ్‌కు చెల్లే లైసెన్స్ కొనుక్కోవాలి.

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు ఇక్కడ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. స్నేహితుడు రేంజ్‌కు (గురి సాధన చేసే చోటికి) తీసుకెళ్ళి 'ఒకసారి పేల్చి చూడు' అని చేతికిచ్చినా ఇదే లెక్క. లైసెన్స్ గడువు తీరిందా, మర్నాటి నుంచి ఇంట్లో బీరువాలో ఉన్న తుపాకే కేసు అవుతుంది. సీజన్ అయిపోయింది కదా అని రెన్యూవల్ వాయిదా వేయకండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల నిబంధనలు దీనికంటే గట్టిగా ఉండొచ్చు, వాటినీ చూసుకోవాలి.

చోటుకు కొదవ లేదు. నేషనల్ ఫారెస్ట్‌లలో, రాష్ట్రాల వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాల్లో చాలావరకు వేటకు అనుమతి ఉంటుంది. ఒక్కో చోటికి విడి నిబంధనలుంటాయి కాబట్టి ఆ ఏరియా పేరుతో ఉన్న పేజీ చదవాలి. ప్రైవేటు భూమైతే యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి. కొన్ని తూర్పు రాష్ట్రాల్లో ఆదివారం వేట మీద ఆంక్షలున్నాయి, వారాంతం తప్ప తీరిక దొరకనివాళ్ళు ముందే చూసుకోవాలి. మిగతా వేటగాళ్ళకు మనం కనిపించేలా వేసుకునే ఆరెంజ్ చొక్కా, టోపీ ఎంత మేర వేసుకోవాలన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. నిబంధన లేకపోయినా వేసుకోండి. ఉడుతకు, కుందేలుకు ఆ రంగు మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించదు, వాటికి తెలిసిపోయేది కదలిక.

ఇక తుపాకి. ఒక్కటే కొనాలంటే 20 గేజ్ షాట్‌గన్, అంటే ఒక్క దెబ్బకు బోలెడు చిన్న గుళ్ళు (పెల్లెట్లు) చల్లే తుపాకి. గేజ్ అంటే గొట్టం వెడల్పు లెక్క, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. ఉడుతకూ కుందేలుకూ సరిపోతుంది, 12 గేజ్ అంత తన్నదు. .410 (ఇది గేజ్ కాదు, అంగుళాల్లో గొట్టం వెడల్పు) చిన్నది, తేలిక, కొత్తవాళ్ళకు అదే మంచిదని దుకాణాల్లో చెబుతుంటారు. పెల్లెట్లు తక్కువ పడతాయి కాబట్టి నిజానికి అది చేయి తిరిగినవాళ్ళ తుపాకి. 20 గేజ్‌లో 7/8 ఔన్సు గుళ్ళున్న, 6వ నంబరు (గుళ్ళ సైజు) షెల్ (షాట్‌గన్ తూటా) తీసుకుంటే అందులో సుమారు 195 పెల్లెట్లుంటాయి. ఆకులు దట్టంగా ఉన్న సీజన్ మొదట్లో ఉడుతకు మాడిఫైడ్ చోక్ (గొట్టం కొసను బిగించి గుళ్ళు మరీ చెదరకుండా చూసేది), పరిగెత్తే కుందేలుకు అంతకంటే వదులుగా ఉండే ఇంప్రూవ్డ్ సిలిండర్. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు సీసం లేని షెల్స్ కొనాలి, 2019 జూలై నుంచి అక్కడ వేటకు సీసం పూర్తిగా నిషేధం.

కొన్నాక నేరుగా అడవికి కాదు, రేంజ్‌కు. పెద్ద కాగితం మీద ఉడుత సైజు బొమ్మ గీసి 20, 25, 30, 35 గజాల్లో ఒక్కో షెల్ పేల్చి చూడండి. తల, మెడ, ఛాతీ భాగంలో నాలుగైదు పెల్లెట్లు కూడా పడని దూరం వచ్చిందంటే మీ హద్దు అంతకు ముందే ఉంది. డబ్బా మీద ఒకే నంబరున్నా కంపెనీ మారితే చెదిరే తీరు మారుతుంది, కాబట్టి పరీక్షించిన షెల్స్‌నే అడవికి తీసుకెళ్ళాలి. ఇంకో మాట: ఇంట్లో 12 గేజ్ కూడా ఉంటే రెండు రకాల షెల్స్ ఒకే జేబులో ఎప్పుడూ వేయకండి. 20 గేజ్ షెల్ 12 గేజ్ గొట్టంలోకి జారి ముందుకెళ్ళి ఇరుక్కుంటుంది. వెనక ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఇంకోటి పెట్టి పేలిస్తే గొట్టం పగిలిపోతుంది. 20 గేజ్ షెల్స్‌కు పసుపు రంగు వేసేది ఇందుకే.

ఆకు రాలాక .22 లాంగ్ రైఫిల్ తూటా పేల్చే, ఒక్కో దెబ్బకు ఒక్కటే గుండు వదిలే రైఫిల్ ముచ్చటగా ఉంటుంది, మాంసం పాడవదు. 40 గ్రెయిన్ల బరువున్న గుండుతో 50 గజాలకు జీరో చేసుకోండి, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే గుండు తగిలేలా స్కోప్ సరిచేసుకోండి. కొత్తవాళ్ళను తికమక పెట్టేది దూరం కాదు, దగ్గర. స్కోప్ గొట్టానికి అంగుళంన్నర పైన కూర్చుంటుంది కాబట్టి 10 గజాల్లో ఉన్న ఉడుతకు గుండు ముప్పావు అంగుళం కిందికి తగులుతుంది. 100 గజాల్లో అయిదారు అంగుళాలు పడిపోతుంది, ఆ దూరంలో ఉడుతను కొట్టాలనుకోవడమే తప్పు. నేల మీద కూర్చుని, మోకాలి మీద మోచేయి ఆన్చి, 25 గజాల్లో అంగుళంన్నర వృత్తంలో అయిదుకు అయిదు వేయగలిగితే అడవికి సిద్ధమైనట్టు. బెంచి మీద తుపాకి ఆన్చి కొట్టినప్పుడు కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు ఎంత అందంగా ఉన్నా లెక్కలోకి రాదు.

.22 చిన్న తుపాకే గానీ దాని గుండు మైలున్నర దాకా పోగలదని డబ్బా మీదే రాసి ఉంటుంది. కొమ్మ చివర, ఆకాశం వెనక కనిపించే ఉడుతను దాంతో కొట్టకూడదు. వెనక మాను గానీ లావు కొమ్మ గానీ ఉండాలి, లేదా అది నేల మీదికి దిగాలి. రైఫిల్‌తో పోయినప్పుడు కనిపించినవాటిలో సగం వదిలేయాల్సి వస్తే అది మామూలే.

హికరీ, ఓక్, బీచ్ చెట్లు కాయలతో ఉన్న చోటు ముందురోజే చూసి పెట్టుకోవాలి. కింద తాజాగా కొరికిన కాయల తొక్కలు, పొట్టు ఉంటే అదే చోటు. తొక్క లోపలి వైపు ఇంకా లేతరంగులో ఉంటే ఈ ఒకటి రెండు రోజుల్లో తిన్నవని అర్థం, నల్లబడితే పాతవి. సూర్యోదయానికి ఇరవై నిమిషాలు ముందే ఒక లావు మానుకు వీపు ఆన్చి కూర్చోండి. మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి రెండు గంటలు మంచి వేళ. గట్టిగా గాలి వీచే రోజు మానేయడం మేలు, కొమ్మలన్నీ కదులుతుంటే ఉడుత కదలిక పట్టలేం, అదీ బయటికి రాదు.

మొదటిసారి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది నడిచి నడిచి చెడగొట్టుకుంటారు. ఎండుటాకుల మీద మనిషి నడక ఆగని లయతో వినిపిస్తుంది, అది చాలు అడవంతా మూగబోవడానికి. అరగంట ఏమీ కదలకపోయినా లేవకండి. ఒకటి పడ్డాక కూడా లేవకండి. పడ్డ చోటును ఒక చెట్టుతోనో మొద్దుతోనో గుర్తు పెట్టుకుని తుపాకి మళ్ళీ నింపి కూర్చుంటే, పది పదిహేను నిమిషాల్లో మిగతావి మళ్ళీ మేతకు దిగుతాయి. లేచి పరిగెత్తారంటే ఆ పొద్దుటికి అక్కడితో సరి. గాయపడి కదులుతున్నదాని సంగతి వేరు, దాన్ని వెంటనే రెండో దెబ్బతో ముగించాలి.

మనల్ని చూసిన ఉడుత మానుకు అవతలి వైపు చేరి మనతో పాటే తిరుగుతుంది. ఇద్దరుంటే ఒకరు కదలకుండా నిలబడి, రెండోవారు చెట్టు చుట్టూ వెళితే ఇవతలికి వస్తుంది. ఒంటరిగా ఉంటే ఒక లావు పుల్లను అవతలి వైపు చప్పుడయ్యేలా విసిరి, తుపాకి భుజాన పెట్టి ఆగండి.

కుందేలుకు మాత్రం నడవాలి. పొలం గట్లు, ముళ్ళ పొదలు, నరికి పడేసిన కంప కుప్పలు వెతకండి. పది అడుగులు వేసి అర నిమిషం ఆగాలి. నడుస్తున్నంతసేపు నక్కి కూర్చున్న కుందేలు, మనం ఆగగానే పసిగట్టారేమోనని బెదిరి లేస్తుంది. తప్పించుకున్నది ఎక్కువ దూరం పోదు, తన చోటు వదలక గుండ్రంగా తిరిగి వస్తుంది. నలుగురైదుగురు కలిసి నడిస్తే ఒకే వరుసలో ఉండాలి, ఎవరి ముందున్న నేల వారిది. కుందేలు వరుస దాటి పక్కవారి వైపు తిరిగితే గొట్టం ఆకాశానికి ఎత్తి వదిలేయాలి. కంచె దాటేటప్పుడు షెల్స్ తీసేయాలి.

కొట్టినదాన్ని వీలైనంత త్వరగా పేగులు తీసి చల్లబరచండి. రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి, కుందేళ్ళ నుంచి టులరేమియా అనే బాక్టీరియా జబ్బు సోకుతుంది. మందకొడిగా, మనిషిని చూసి పరిగెత్తని కుందేలును కొట్టకండి. కార్జం మీద సన్నటి తెల్ల చుక్కలు కనిపిస్తే మొత్తం పారేయాలి. మాంసం లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ దాటేలా ఉడకాలి. సీజన్ మొదట్లో ఉడుత తోలు కింద లావు పురుగులు కనిపిస్తే అవి ఒకరకం ఈగ పిల్లలు, చూడ్డానికి రోతగా ఉన్నా మాంసానికి హాని లేదు.

కుందేలు తోలు వీపు మధ్య గాటు పెట్టి రెండు వైపులా లాగితే ఊడి వస్తుంది. ఉడుతది మొండిది, ఒళ్ళు వెచ్చగా ఉండగానే ఒలవాలి. ముందు నీళ్ళతో తడిపితే వెంట్రుకలు మాంసానికి అంటవు. తోక కింది వైపు నుంచి ఎముక కూడా తెగేలా కోయండి, పై తోలు మాత్రం తెగకూడదు. రెండు పక్కలా తొడల మీదికి అంగుళం గాటు పెట్టి, తోక మొదలును బూటుతో తొక్కి, వెనక కాళ్ళు పట్టి నిదానంగా పైకి లాగితే ముందు కాళ్ళ దాకా చొక్కాలా వచ్చేస్తుంది. లాగేటప్పుడు తోక తెగిపోతోందంటే గాటు మరీ లోతుగా పడిందన్నమాట.

ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు తేదీ రాసి పెట్టండి. రోజు పరిమితి వేరు, మన దగ్గర మొత్తం ఉండదగ్గ పరిమితి వేరు. చాలా రాష్ట్రాల్లో ఫ్రీజర్‌లో ఉన్నదీ ఆ రెండో లెక్కలోకే వస్తుంది.