పద్ధతిగా తప్పు చేసే యాంప్లిఫయర్

నాకు ఈ పని అప్పజెప్పేనాటికి బెంచి మీద ఉన్న యాంప్లిఫయర్‌లో పాడైందంటూ ఏమీ లేదు. 2.14 గిగాహెర్ట్జ్ దగ్గర 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఎల్‌టీఈ, అంటే 4జీ మొబైల్, సిగ్నల్ ఇస్తే సగటున 8 వాట్లు బయటికి పంపుతోంది. కాకపోతే అందుకోసం 28 వోల్టుల సప్లై నుంచి 1.05 ఆంపియర్లు లాగుతోంది. అంటే 29 వాట్లు మింగి 8 వాట్లు ఇస్తోంది. మిగతా 21 వాట్లు హీట్ సింక్‌ను కాచడానికే. పది నిమిషాలు నడిచాక దాని మీద చెయ్యి పెడితే వెంటనే తీసెయ్యాల్సిందే.

నాకు చెప్పింది ఒక్క ముక్క: 8 వాట్లు తగ్గకూడదు, సప్లై నుంచి లాగేది 20 వాట్ల లోపుండాలి, పక్క ఛానెల్‌లోకి ఒలికే పవర్ మన ఛానెల్ కంటే కనీసం 45 డీబీ (డెసిబెల్స్; పది దిగితే పవర్ పదో వంతవుతుంది) కింద ఉండాలి.

ప్రతి చుట్టులో సగంసేపే కరెంటు నడిపే క్లాస్ బి యాంప్లిఫయర్ ఎఫిషియెన్సీ 78.5 శాతం అని చదువుకున్నవాళ్లమే అందరం. అవుట్‌పుట్ వోల్టేజి గరిష్ఠానికి చేరినప్పుడే ఆ అంకె వస్తుందన్నది మాత్రం గుర్తుండదు. వోల్టేజి సగమైతే ఎఫిషియెన్సీ కూడా సగమే. ఎల్‌టీఈ సిగ్నల్‌లో 1200 సబ్‌క్యారియర్లు, అంటే చిన్న చిన్న తరంగాలు, ఉంటాయి. ఎప్పుడో ఒకసారి అవన్నీ ఒకే వైపు కూడి పెద్ద శిఖరం లేస్తుంది, మిగతా సమయమంతా సిగ్నల్ అడుగునే తిరుగుతుంది. శిఖరాలను ముందే కాస్త కత్తిరించినా మా సిగ్నల్‌లో శిఖరానికీ సగటుకూ మధ్య 8 డీబీ తేడా ఉంది. అందుకే ఎప్పుడో వచ్చే ఆ 50 వాట్ల కోసం కట్టిన యాంప్లిఫయర్ రోజంతా 8 వాట్ల దగ్గరే కాలక్షేపం చేస్తుంది. 8 డీబీ కిందికి దిగితే క్లాస్ బికి లెక్క ప్రకారం మిగిలేదే 31 శాతం. నాది సగం కంటే కాస్త ఎక్కువసేపు కరెంటు నడిపే క్లాస్ ఏబీ, 27 శాతం. డిజైన్ చేసినవాళ్లను తిట్టుకోవడానికి ఏమీ లేదు.

అయినా మొదటి రెండు వారాలు బయాస్, అంటే ట్రాన్సిస్టర్‌ను అదుపు చేసే గేట్ అనే కాలుకు ఇచ్చే స్థిర వోల్టేజి, తిప్పుతూ కూర్చున్నాను. గేట్ వోల్టేజి కొద్దికొద్దిగా కిందికి లాగుతుంటే ఒకచోట మూడో ఆర్డర్ డిస్టార్షన్, పక్క ఛానెల్‌లోకి ఒలికే ఆ వంకర, ఒక్కసారిగా పడిపోయింది. నిధి దొరికినంత సంబరపడ్డాను. ఇన్‌పుట్ 2 డీబీ తగ్గించి చూస్తే ఆ గుంట మాయం! రెండు రకాల డిస్టార్షన్లు ఆ ఒక్క పవర్ దగ్గర ఎదురుబొదురుగా నిలబడి కొట్టేసుకున్నాయి, అంతే. క్షణక్షణం పవర్ మారే సిగ్నల్‌కు అలాంటి ఒక్క చుక్క ఏం సరిపోతుంది?

అదే వారం ఇంకో తెలివితక్కువ పని కూడా జరిగింది. నేను రెండు రోజులు కొలిచిన డిస్టార్షన్‌లో సగం యాంప్లిఫయర్‌ది కాదు, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత పవర్ ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ది. దాని లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గించే ఇన్‌పుట్ అటెన్యుయేషన్ 10 డీబీ పెంచగానే తెర మీది "డిస్టార్షన్" దిగిపోయింది. యాంప్లిఫయర్‌దే అయితే ఆ బటన్ నొక్కినందుకు ఎందుకు మారుతుంది? అప్పటినుంచి ఏ కొలతకైనా ముందు ఆ బటన్ నొక్కి చూడటం అలవాటైంది.

దారులు చాలానే ఉన్నాయి. రెండు సిగ్నళ్ల ఫేజ్ తేడాతో పవర్‌ను నడిపే షిరెక్స్ పద్ధతి 1935 నాటిది. సిగ్నల్ ఎన్వలప్‌ను, అంటే దాని ఎత్తుపల్లాల ఆకారాన్ని, విడదీసి సప్లై ద్వారా తిరిగి కలిపే కాన్ పద్ధతి 1952 నాటిది. నేను పట్టుకున్నది 1936లో బెల్ ల్యాబ్స్‌లో విలియం డోహర్టీ కనిపెట్టిన అమరిక. ఆయన వాక్యూమ్ ట్యూబులతో రేడియో ప్రసారాల ట్రాన్స్‌మిటర్ల కోసం చేసింది ఇవాళ మొబైల్ టవర్లలో పనిచేస్తోంది.

డోహర్టీలో ట్రాన్సిస్టర్లు రెండు. మెయిన్ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. పీకింగ్ అనే రెండోది సగం చుట్టు కంటే తక్కువసేపే కరెంటు నడిపే క్లాస్ సిలో నిద్రపోతూ, సిగ్నల్ పెద్దదైనప్పుడు మాత్రం లేస్తుంది. "బరువు పెరిగితే రెండోవాడు చెయ్యి వేస్తాడు, ఇంతేగా" అనుకున్నాను. కిటుకు అది కాదని తర్వాత అర్థమైంది. రెండోవాడు నిద్రపోతున్నప్పుడు మొదటివాడికి 50 ఓమ్స్ కాదు, 100 ఓమ్స్ లోడ్ కనిపిస్తుంది. అందువల్ల సగం కరెంటుకే దాని వోల్టేజి గరిష్ఠానికి చేరుతుంది. అంటే పూర్తి పవర్ కంటే 6 డీబీ కిందనే ఎఫిషియెన్సీ శిఖరానికి చేరుతుంది. అక్కడినుంచి పీకింగ్ లేచి కరెంటు తోసేకొద్దీ మెయిన్ చూసే లోడ్ 100 నుంచి 50కి జారుతుంది, వోల్టేజి మాత్రం పైనే ఉంటుంది. రెండోదాని కరెంటు వల్ల కలిసే చోట ఇంపెడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది కదా, మరి మెయిన్‌కు తగ్గినట్టు ఎలా కనిపిస్తుంది అంటే, మధ్యలో ఉన్న పావు తరంగం లైన్ దాన్ని తలకిందులు చేస్తుంది. కలిసే చోట 25 ఓమ్స్, ఆ లైన్ 50 ఓమ్స్. 50ని 50తో గుణించి 25తో భాగిస్తే 100. మా బోర్డు మీద ఆ లైన్ పొడవు సుమారు 21 మిల్లీమీటర్లు. చేతి వేలి ముక్కంత రాగి పట్టీ ఇంత పని చేస్తుందంటే నాకిప్పటికీ వింతే.

మొదటి బోర్డు వచ్చింది. సిమ్యులేషన్‌లో 6 డీబీ దగ్గర అందంగా కనిపించిన మూపురం బెంచి మీద లేనేలేదు. ఎఫిషియెన్సీ 31 శాతం. ఇంత కష్టపడి నాలుగు శాతం!

మా సీనియర్ మేడమ్ వచ్చి గ్రాఫ్ చూశారు.

"పీకింగ్ నిద్రపోతోందని ఎలా అనుకున్నావు?"

"కరెంటు సున్నా చూపిస్తోంది మేడమ్."

"కరెంటు సున్నా అయితే ఓపెన్ సర్క్యూట్ అయిపోతుందా? అటువైపు నుంచి ఏం కనిపిస్తోందో కొలిచావా?"

కొలవలేదు. నెట్‌వర్క్ ఎనలైజర్ పెట్టి, పీకింగ్‌ను ఆఫ్‌లో ఉంచి, కలిసే చోటునుంచి దానివైపు చూశాను. ఇంపెడెన్స్‌ను చుక్కగా చూపే గుండ్రటి పటం స్మిత్ చార్ట్‌లో కుడి అంచున, ఓపెన్ సర్క్యూట్ చోట, ఉండాల్సిన చుక్క పైఅంచున ఉంది. ట్రాన్సిస్టర్ కెపాసిటెన్స్, ప్యాకేజీ, దాని మ్యాచింగ్ అన్నీ కలిసి దాన్ని అక్కడికి తిప్పేశాయి. అంటే నిద్రపోతున్నవాడు కాలు అడ్డంగా చాపి పడుకున్నాడు. మెయిన్ పంపే పవర్ అతని మీద పడి తడబడుతోంది. పైఅంచు నుంచి కుడి అంచుకు తిప్పాలంటే తరంగంలో ఎనిమిదో వంతు లైన్, మాకు 10 మిల్లీమీటర్ల పైచిలుకు, అదనంగా కలపాలి. ముందు రాగి టేపు అతికించి, బ్లేడుతో కొంచెం కొంచెం కోస్తూ చూశాను. మూపురం లేచింది. ఒకవైపు పొడవు పెంచినప్పుడు ఇన్‌పుట్‌లో కూడా ఫేజ్ సరిచేయాలి. అదెంతో తేల్చడానికి రెండు గేట్లకూ విడివిడిగా రెండు ఛానెళ్ల జనరేటర్ నుంచి సిగ్నల్ ఇచ్చి ఫేజ్ తిప్పాను. నా లెక్కకూ మంచి ఫలితానికీ మధ్య 25 డిగ్రీల తేడా తేలింది. పీకింగ్ క్లాస్ సిలో ఉంది కాబట్టి డ్రైవ్ పెరిగేకొద్దీ దాని ఫేజ్ కూడా కదులుతుంది. ఇంకో వారం అందులో పోయింది.

రెండో బోర్డు మొదటిరోజే ఒక ట్రాన్సిస్టర్‌ను చంపేశాను. ఇవి గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు. గేట్‌కు ఏమీ ఇవ్వకపోతే పూర్తిగా ఆన్‌లోనే ఉంటాయి. అందుకే ముందు గేట్‌కు నెగెటివ్ వోల్టేజి ఇచ్చి మూసెయ్యాలి, తర్వాత సప్లై అందే కాలు డ్రెయిన్‌కు 28 వోల్టులు, ఆ తర్వాత గేట్ మెల్లగా పెంచుతూ కావలసిన కరెంటు, చివరికి సిగ్నల్. ఆపేటప్పుడు సరిగ్గా తిరుగుదారి. నాకు ఇదంతా కంఠతా వచ్చు. ఆరోజు గేట్ సప్లై మీద −5 అని కనిపిస్తోంది, అవుట్‌పుట్ బటన్ మాత్రం నొక్కలేదు. కరెంటు లిమిట్ పెట్టుకోవడం కూడా మరిచాను. డ్రెయిన్ ఆన్ చేశాను. చిన్న వాసన, అంతే. ఇప్పుడు ఆ సప్లై మీద చీటీ అతికించి ఉంది: "గేట్ ముందు. నిజంగా ఆన్ అయిందా?"

ఆ తర్వాత అంకెలు కుదిరాయి. 8 వాట్లకు సప్లై నుంచి 17.5 వాట్లు. దాదాపు 46 శాతం. వేడిగా పోయేది సగానికి సగం కంటే తగ్గింది. కానీ పక్క ఛానెల్? 29 డీబీ కింద. పాత యాంప్లిఫయర్ 38 ఇచ్చేది. నాకు కావలసింది 45. అంటే ఒక చేత్తో సంపాదించింది ఇంకో చేత్తో పోగొట్టాను.

ఫీడ్‌బ్యాక్ ఎందుకు పెట్టకూడదు అని అడిగాను. అది కూడా బెల్ ల్యాబ్స్‌లోనే 1927లో హెరాల్డ్ బ్లాక్ ఆలోచన. మేడమ్ లెక్క వెయ్యమన్నారు. సిగ్నల్ తిరిగి ఇన్‌పుట్‌కు రావడానికి 10 నానోసెకన్లు పట్టిందనుకుందాం. 20 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మూడో ఆర్డర్ డిస్టార్షన్ మధ్య నుంచి అటూ ఇటూ 30 మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. ఆ అంచున ఒక చుట్టుకు పట్టేదే 33 నానోసెకన్లు. సరిదిద్దే మాట చేరేసరికి చుట్టులో మూడో వంతు అయిపోయి ఉంటుంది. ఇక అది దిద్దుబాటు కాదు, ఆసిలేషన్‌కు పిలుపు.

మిగిలింది డిజిటల్ ప్రీడిస్టార్షన్, డీపీడీ. యాంప్లిఫయర్ ఎటు వంకర తిప్పుతుందో ముందే తెలుసుకుని, దానికి ఎదురు వంకరతో సిగ్నల్ ఇవ్వడం. అప్పుడు మేడమ్ అన్న మాట మీదే తర్వాతి పనంతా నడిచింది: "ఎంత తప్పు చేస్తోందో కాదు, ప్రతిసారీ అదే తప్పు చేస్తోందా అని చూడు."

ఇచ్చిన సిగ్నల్, వచ్చిన సిగ్నల్ పక్కపక్కన పెట్టి గెయిన్ (ఎన్ని రెట్లు పెంచిందో) గ్రాఫ్ గీస్తే గీత రాలేదు, మేఘం వచ్చింది. ఒకే ఇన్‌పుట్‌కు పది రకాల అవుట్‌పుట్లు! యాంప్లిఫయర్‌కు గతమంతా గుర్తుండిపోతోందని, దీనితో పని కాదని నీరసపడ్డాను. తీరా చూస్తే అందులో చాలా భాగం నా తప్పు. సెకనుకు 122.88 మిలియన్ శాంపిళ్లు తీసుకుంటున్నాం, ఒక్కో శాంపిల్ సుమారు 8 నానోసెకన్లు. రెండు సిగ్నళ్లను శాంపిల్ వరకే సరిపెట్టాను, శాంపిల్‌లో భిన్నాన్ని వదిలేశాను. ఆ సగం శాంపిల్ తేడానే మేఘంగా కనిపించింది. దాన్ని సరిచేస్తే మేఘం పలచబడి చారలా మారింది. గతం పట్టించుకోని సాదా దిద్దుబాటుతో 29 నుంచి 40కి, కిందటి నాలుగు శాంపిళ్లను కూడా లెక్కలోకి తీసుకునే పాలినామియల్‌తో 43కి వెళ్లింది. అక్కడ ఆగిపోయింది. ఆర్డర్ పెంచాను, మెమరీ పెంచాను, గుణకాల సంఖ్య వందకు చేరింది. 43.

స్పెక్ట్రమ్‌లో ఒక సంగతి కళ్లముందే ఉన్నా పట్టించుకోలేదు: ఛానెల్‌కు అటూ ఇటూ ఒలికిన పవర్, ఎడమ భుజం, కుడి భుజం, సమానంగా లేవు. రెండు టోన్లు (ఒక్కొక్కటి ఒకే ఫ్రీక్వెన్సీ) ఇచ్చి వాటి మధ్య దూరాన్ని 1 మెగాహెర్ట్జ్ నుంచి 40 దాకా పెంచుతూ పోయాను. 12 దగ్గర రెండువైపుల డిస్టార్షన్ విడిపోయి ఒకటి పైకి, ఒకటి కిందికి పోయింది. గిగాహెర్ట్జ్‌లలో వెతుకుతున్న దొంగ మెగాహెర్ట్జ్‌లలో ఉన్నాడు. డ్రెయిన్ సప్లై దారిలోని ఇండక్టెన్స్, సప్లైని నిలకడగా ఉంచాల్సిన డీకప్లింగ్ కెపాసిటర్లు కలిసి అక్కడ రెజొనేట్ అవుతున్నాయి. ఎన్వలప్ ఆ వేగంతో కదిలినప్పుడల్లా ట్రాన్సిస్టర్ దగ్గర 28 వోల్టులు 28గా నిలవడం లేదు. 10 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్‌ను అంగుళం దూరం నుంచి ట్రాన్సిస్టర్ పక్కకు జరిపి, దానికీ చిన్న కెపాసిటర్లకూ మధ్య రెజొనెన్స్ రాకుండా చిన్న రెసిస్టర్ ఒకటి చేర్చాను.

డీపీడీ ఆపి కొలిస్తే 30. ఒక్క డీబీ మెరుగు, చూసినవాళ్లెవరూ మెచ్చుకోరు. డీపీడీ వేశాను. 50. గుణకాలు సగానికి తగ్గించినా 49. అంటే యాంప్లిఫయర్ ముందంత తప్పూ చేస్తూనే ఉంది, కాకపోతే ఇప్పుడు లెక్కకు లొంగే తప్పు చేస్తోంది. ముందే తెలిసి ఉంటే బయాస్ తిప్పుతూ గడిపిన రెండు వారాలు ఈ కెపాసిటర్ల మీద పెట్టేవాణ్ణి.

తర్వాత ఒక చిక్కు వచ్చింది గానీ పెద్దది కాదు. డీపీడీని మళ్లీ మళ్లీ నేర్చుకోనిస్తే శిఖరాలు ప్రతి విడతా పెరుగుతూ పోయాయి. పైన యాంప్లిఫయర్ దగ్గర ఇక పవర్ లేదు, డీపీడీ మాత్రం "ఇంకా తొయ్యి" అంటుంది. శిఖరాలను ఇంకో అర డీబీ కత్తిరించి గట్టు కట్టాను. కత్తిరిస్తే సిగ్నల్ నాణ్యత తగ్గుతుంది. ఒక్కో చుక్కలో 6 బిట్లు పంపే 64 క్వామ్ పద్ధతికి ఈవీఎం (సిగ్నల్ ఉండాల్సిన చోటు నుంచి ఎంత తప్పిందో చెప్పే కొలత) 8 శాతం దాకా ఒప్పుకుంటారు కాబట్టి చోటు సరిపోయింది.

డీపీడీ లెక్కలు చేసే చిప్ కూడా కరెంటు తింటుంది. వందల వాట్ల యాంప్లిఫయర్‌లో అది లెక్కలోకి రాదు. 8 వాట్ల దగ్గర వస్తుంది. గుణకాలు తగ్గినందుకు నేను అంత సంతోషించింది అందుకే.

ఇప్పుడు బెంచి మీద నడుస్తున్నది వేరే పరీక్ష. సిగ్నల్‌ను ఆపి ఆపి ఇస్తే, పెద్ద శిఖరం పోయాక గెయిన్ కాసేపు కుంగి మెల్లగా కోలుకుంటోంది. గాలియం నైట్రైడ్‌లో ఎలక్ట్రాన్లు ట్రాపులనే లోపాల్లో చిక్కుకుని తీరిగ్గా బయటపడటం వల్ల వచ్చే జబ్బు ఇది. నాలుగు శాంపిళ్ల గతం చూసే నా మోడల్‌కు ఆ మైక్రోసెకన్లు, మిల్లీసెకన్ల జ్ఞాపకం అందదు. ప్రతి బర్స్ట్ (ఆపి ఆపి ఇచ్చే ఒక్కో సిగ్నల్ ముక్క) మొదట్లో 50 కాస్తా 44కి పడి మళ్లీ లేస్తోంది. కుంగుడు ప్రతిసారీ ఒకే తీరులో ఉందా లేదా అన్నది ముందు తేలాలి. అందుకని నిన్నటి నుంచి ఒకే బర్స్ట్‌ను వెయ్యిసార్లు ఇచ్చి, వెయ్యి గీతలూ ఒకదాని మీద ఒకటి గీస్తున్నాను.