తరుగు సున్నా అని రాస్తే రెండు కిలోలు ఎలా పోయాయి?

మొన్నటి జీడి సీజన్‌లో ఒకరోజు పొద్దున్నే పలాస నుంచి, నేను రాసిన బిల్లింగ్ యాప్ వాడే జీడి షావుకారు గారి ఫోన్. "ఏటి బాబూ, తరుగు లేదని రాసిన బస్తాలక్కూడా మీ యాప్ రెండేసి కిలోలు కోసేసిందేటి? రైతు నా మీద పడిపోతన్నాడు." ఉద్దానంలో జీడి పిక్కల లెక్క 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. బస్తాకి రెండు కిలోలంటే వంద బస్తాలకి 200 కిలోలు. చేతిలో టీ చల్లారిపోయింది.

చిత్రమేమిటంటే కొత్త బిల్లు వేస్తే లెక్క సరిగ్గానే వస్తోంది, అదే బిల్లు మళ్లీ తెరిచి ప్రింట్ తీస్తేనే తప్పుతోంది. గంటన్నర వెతికితే ఒక్క లైన్ దొరికింది. తరుగు గడి ఖాళీగా ఉంటే మామూలుగా కోసే రెండు కిలోలు వేసుకోమని రాశాను, ఆ ఖాళీని పోల్చడానికి రెండు ఈక్వల్స్ వాడాను. ఫారంలో టైప్ చేసిన సున్నా స్ట్రింగ్‌గా, అంటే అక్షరంగా వస్తుంది, అది ఖాళీ కాదని యాప్ రాసిన భాష జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. డేటాబేస్ నుంచి తిరిగొచ్చే సున్నా మాత్రం నంబర్, దాన్ని ఖాళీ స్ట్రింగ్‌తో == పెట్టి పోలిస్తే రెండూ ఒకటే అనేస్తుంది. అక్షరమా, నంబరా అన్నది కూడా చూసే === పెట్టి ఉంటే ఈ గొడవే లేదు.

ఈ తప్పు పట్టుకునే రూల్ జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు ఏరే ఈఎస్‌లింట్ అనే టూల్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఈక్యూఈక్యూఈక్యూ (eqeqeq) అంటారు, కోడిపిల్ల అరిచినట్టుంటుంది. కాకపోతే టూల్‌తో పాటు వచ్చే రికమెండెడ్ రూల్స్ సెట్‌లో రాదు, మనమే ఆన్ చేసుకోవాలి. నేను చేయలేదు.

లింట్ అంటే బట్టకు అంటుకునే నూలు నలుసు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సి ప్రోగ్రాముల్లో తప్పులు ఏరే టూల్‌కి ఆ పేరు పెట్టాడు. మా పక్క పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు, నలుసంతా పోయాకే నూలు వడుకుతారు. నేను నేరుగా నేసేశానన్నమాట.

సరే, ఆ రూల్ కూడా పెట్టి ప్రాజెక్ట్ మొత్తం మీద నడిపితే 1,140 ఫిర్యాదులు. ఆవేశంలో ఆదివారం కూర్చుని ఆటో ఫిక్స్ కొట్టి, పైన కోడ్‌ని ఒకే తీరులో సర్దే ప్రెట్టియర్ కూడా నడిపేశాను. పెద్ద పొరపాటు. ఏ లైన్ ఎవరు రాశారని గిట్ బ్లేమ్‌లో చూస్తే అన్నిటికీ నా పేరే! (ఆ కమిట్‌ని, అంటే ఆ విడత సేవ్ చేసిన మార్పుల్ని, బ్లేమ్ పట్టించుకోకుండా చేసే ఏర్పాటు గిట్ 2.23 నుంచి ఉంది, అది తర్వాత తెలిసింది.) పైగా అసలు దొంగ == అలాగే మిగిలిపోయింది, ఎందుకంటే మారిస్తే కోడ్ అర్థం మారిపోవచ్చని ఈఎస్‌లింట్ దాన్ని చాలాచోట్ల తనంతట తాను దిద్దదు. అది చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే.

ఇప్పుడు పాత కోడ్ జోలికి పోవట్లేదు. కమిట్ చేసేటప్పుడు చెక్కులు నడిపే హస్కీ, లింట్-స్టేజ్డ్ అనే టూల్స్ కలిపి పెడితే ఆ కమిట్‌లోకి వెళ్తున్న ఫైళ్లనే చూస్తుంది, తప్పుంటే కమిట్ ఆపేస్తుంది. రెండు మూడు సెకన్ల పని. అయితే నాతో పనిచేసే తమ్ముడికి ఆ చెక్కుల్ని దాటేసే నో-వెరిఫై అనే ఆప్షన్ తెలుసు, శుక్రవారం సాయంత్రాలు మరీ బాగా గుర్తొస్తుంది. అందుకే అవే చెక్కులు, కోడ్ పుష్ చేయగానే సర్వర్‌లో వాటంతటవే నడిచేలా గిట్‌హబ్ యాక్షన్స్‌లో కూడా పెట్టాను. చెక్కులు పాసవని కోడ్‌ని లోపలికి రానివ్వని బ్రాంచ్ ప్రొటెక్షన్‌ని ప్రైవేట్ రిపోకి ఉచిత ప్లాన్‌లో ఇవ్వరు కాబట్టి, లింట్ పాసైతేనే డిప్లాయ్ (కొత్త కోడ్ యాప్‌లోకి వెళ్లడం) మొదలయ్యేలా రెండు జాబ్‌లకీ ముడివేశాను. నెలకి 2,000 నిమిషాలు ఉచితం, మా ఇద్దరికీ దండిగా సరిపోతాయి.

తరుగు రెండు కిలోలా, ఒకటిన్నరా అన్నది మాత్రం ఏ లింటరూ చెప్పలేదు. దానికి టెస్టులే దిక్కు. ఖాళీ, సున్నా, రెండు, ఈ మూడింటికీ తలా ఒకటి రాశాను, అందులో సున్నా టెస్ట్ సేవ్ చేసిన బిల్లుని మళ్లీ తెరిచి చూస్తుంది.

పోయిన శుక్రవారం రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, డిప్లాయ్ ఆగిపోనాది, ఏటో కన్సోల్ అంటంది." చూస్తే రైతుల ఫోన్ నంబర్లన్నీ బ్రౌజర్ కన్సోల్‌లో ప్రింట్ చేసే లైన్ ఒకటి తీయడం మర్చిపోయాడు. తీసేసి మళ్లీ పుష్ చేశాడు, నన్ను రెండు తిట్లు తిట్టుకునే ఉంటాడు.

ఆ 1,140లో ఇంకా ఆరొందల పైచిలుకు మిగిలాయి. పాత బిల్లింగ్ ఫైల్‌ని సీజన్ అయ్యేదాకా ముట్టుకోను.