ఆరో తూటాకు అంత ధరా?

చేతిలోకి తీసుకోగానే నచ్చేసింది. నా భయం కూడా అదే, నచ్చిన వస్తువులో లోపాలు కనబడవు.

కింబర్ కంపెనీ కె6ఎస్ రివాల్వర్. రెండంగుళాల బ్యారెల్, ఆరు తూటాలు, తూటాలుండే సిలిండర్ మందం సుమారు 35 మిల్లీమీటర్లే. ఖాళీగా 650 గ్రాముల బరువు. నా పాత అల్యూమినియం ఫ్రేము రివాల్వర్ 400 గ్రాములకు కాస్త ఎక్కువ, పట్టేది ఐదే. జేబుకు అదే సుఖం, చేతికి కాదు. ముప్ఫై తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట చర్మం కందిపోతుంది.

డమ్మీ తూటాలు వేసి కొత్తదాని ట్రిగ్గర్ ఇరవైసార్లు లాగాను. మధ్యలో ఎక్కడా అడ్డుపడలేదు, మైనం రాసిన సొరుగులా జారింది. ట్రిగ్గర్‌ను వెనక్కి పట్టి ఉంచి సిలిండర్‌ను వేలితో కదిపితే దాదాపు కదల్లేదు. పనితనానికి వంక పెట్టలేను.

కానీ ఇది .357 మాగ్నమ్ అనే శక్తిమంతమైన తూటాను తట్టుకునేలా చేసినది. ఇంత పొట్టి బ్యారెల్‌లో మాగ్నమ్ అంటే చెవులు చిల్లులు పడే చప్పుడు, కళ్ళు చెదిరే మంట. నేను వేసేది ఎలాగూ ఇందులోనే పట్టే, అంతకంటే తక్కువ శక్తి ఉన్న .38 స్పెషలే. వాడని బలానికి డబ్బు కట్టడమెందుకు? కొనకపోతే మిగిలే డబ్బుతో సాధనకు బోలెడన్ని తూటాలు వస్తాయి (నా గురికి అవే అవసరం, ఒప్పుకోవాలి).

ప్రస్తుతానికి పాతదానికే మెత్తటి రబ్బరు పిడి వేయిస్తున్నాను.