తెలుగు సైటుకి ఏ సీఎంఎస్? ముందు ఒక్క శీర్షిక టైప్ చేసి చూడండి

సైటుని తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్ (సీఎంఎస్) వర్డ్‌ప్రెస్సా, డ్రూపలా, హ్యూగోనా అని తేల్చుకునే ముందు, రోజూ పోస్టులు పెట్టేది ఎవరో తేల్చుకోండి. మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో వ్యాసం రాసే పద్ధతి), గిట్ (ఫైళ్లలో మార్పుల్ని దాచిపెట్టే సాధనం) వచ్చినవాళ్లయితే, పేజీలన్నీ ముందే తయారుచేసి పెట్టే హ్యూగో హాయి. డేటాబేస్ లేదు, ప్లగిన్ల (అదనపు సౌకర్యాలిచ్చే ముక్కల) అప్‌డేట్లు లేవు, దాడి చేయడానికి లాగిన్ పేజీయే లేదు. కానీ ఫోన్లో వ్యాసాలు దిద్దే సంపాదకుడికి హ్యూగో అంటగడితే ప్రతి అచ్చుతప్పుకీ మీకే ఫోనొస్తుంది. అలాంటి చోట వర్డ్‌ప్రెస్సే నయం.

అయితే వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికలోంచే స్లగ్ (పోస్టు లింకు చివర వచ్చే పేరు) తయారుచేస్తుంది, దానికి 200 క్యారెక్టర్ల హద్దుంది. కంప్యూటర్ అక్షరాలు దాచే యూనికోడ్‌లో హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు దేనికదే లెక్క. ఒక్కోటీ 3 బైట్లు. యూఆర్‌ఎల్‌లో ఒక్కో బైటూ % గుర్తుతో కలిపి 3 క్యారెక్టర్లు. అంటే గుర్తుకి 9 చొప్పున 22 గుర్తులకే కోటా అయిపోతుంది. 'స్త్రీ' ఒక్కటే 6 గుర్తులు తినేస్తుంది.

'కృష్ణా పుష్కరాల ప్రత్యేక కథనం' అని పెట్టి చూడండి. 22 గుర్తులకి 198, మధ్యలో రెండు హైఫన్లు కలిపి 'ప్రత్యేక' దగ్గరికి సరిగ్గా 200 నిండి, 'కథనం' ఎగిరిపోతుంది. అదే శీర్షికతో రెండో భాగం వేస్తే వర్డ్‌ప్రెస్ చేర్చే '-2'కి చోటు కోసం చివరి 'క' కూడా పోయి, 'ప్రత్యే-2' మిగులుతుంది. భాగం సంఖ్యని శీర్షిక చివర రాసినా లాభం లేదు, అక్కడిదాకా స్లగ్ రానే రాదు. పైగా లింకు వాట్సాప్‌లో పెడితే గజిబిజి శాతం గుర్తుల వరస. అందుకే పబ్లిష్ నొక్కకముందే ఇంగ్లీషు అక్షరాల్లో చిన్న స్లగ్ చేత్తో రాయండి.

తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన నడవాలంటే వర్డ్‌ప్రెస్‌కి పాలీలాంగ్ లాంటి ప్లగిన్ తప్పదు. జూమ్లాలో 1.6 నుంచీ, డ్రూపల్‌లో 8 నుంచీ ఆ ఏర్పాటు కోర్‌లోనే (ప్లగిన్ లేకుండా, అసలు సాఫ్ట్‌వేర్‌లోనే) బాగుంది. కానీ కంపోజర్ (సాఫ్ట్‌వేర్ ముక్కల్ని కమాండ్లతో దించి అమర్చే సాధనం) వాడటం తెలిసిన మనిషి దగ్గర లేకపోతే డ్రూపల్ జోలికి పోవద్దు. డ్రూపల్ 7కి మద్దతు 2025 జనవరి 5తో ఆగింది. అక్కడి నుంచి కొత్త వెర్షన్‌కి వెళ్లడమంటే మామూలు అప్‌డేట్ కాదు, సైటు దాదాపు మళ్లీ కట్టుకోవడమే.

థీము (సైటు రూపురేఖల అచ్చు) ఎంచుకునేటప్పుడు డెమో బొమ్మలు చూసి మోసపోకండి. ఇంగ్లీషు కొలతలతో చేసిన థీముల్లో శీర్షికల లైన్-హైట్ (వరసల మధ్య ఎడం) 1.2 ఉంటే పై వరసలోని ఒత్తులు కింది వరసలోని గుడులకి తగులుతాయి. 1.6 నుంచి 1.8 మధ్య పెట్టండి.

పాత సైటు తరలిస్తుంటే కొత్త డేటాబేస్ యూటీఎఫ్8ఎంబీ4లో (తెలుగుతో సహా అన్ని లిపులూ పట్టే అక్షర పద్ధతి) ఉందో లేదో ముందే చూసుకోండి. తెలుగు పట్టని పాత అక్షర పద్ధతి లాటిన్1 టేబుల్లోకి తెలుగు ప్రశ్నార్థకాలుగా దిగిపోతే ఆ టేబుల్ నుంచి ఇక తిరిగి రాదు, పాత బ్యాకప్పే దిక్కు. వర్డ్‌ప్రెస్ ఎగుమతి చేసే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఫొటోలుండవు, వాటి లింకులే ఉంటాయి. ఫొటోలుండే అప్‌లోడ్స్ ఫోల్డర్ విడిగా కాపీ చేసుకునేదాకా పాత హోస్టింగ్ రద్దు చేయకండి.