వీలునామా లేని తాతయ్య ఇల్లు మా పేర్ల మీదకి ఎలా వచ్చిందంటే

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తాతయ్య వీలునామా రాయకుండానే పోయారు. ఇల్లు ఆయన స్వార్జితం, పట్టా ఆయన పేరు మీదే ఉంది. నాన్నమ్మ, నాన్న అంతకుముందే పోయారు. మేనత్తలు ఇద్దరు. పెద్దత్తది పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్రా వైపు. చిన్నత్త కూడా తాతయ్య ఉండగానే చనిపోయింది, ఒక్కడే కొడుకు.

వారసుల సర్టిఫికెట్‌కి తహసీల్‌లో అర్జీ పెడదామంటే, మీ అమ్మ, నువ్వు, తమ్ముడు పేర్లు చాలమ్మా, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లల్ని కలిపితే పని సాగదు అన్నాడు అర్జీలు రాసిపెట్టే ఆయన. నాకు ఒళ్లు మండింది. తాతయ్య మంచాన పడితే దగ్గరుండి చూసుకున్నది పెద్దత్తే కదా! పైగా 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం వీలునామా లేకపోతే కొడుకుకీ కూతురికీ సమానమే, స్వార్జితం విషయంలో ఇది 2005 సవరణతో కొత్తగా వచ్చిందేమీ కాదు. మా లెక్క ఇలా తేలింది: పెద్దత్తకి మూడో వంతు, నాన్న మూడో వంతులో అమ్మ, నేను, తమ్ముడు సమానం, చిన్నత్త మూడో వంతు ఆమె కొడుక్కి. చిన్న మావయ్యకి మాత్రం ఇందులో వాటా రాదు, ఆ మాట ఆయనకి చెప్పడానికి చాలా ఇబ్బందిపడ్డాం గానీ ఆయన మారు మాట్లాడలేదు.

అసలు టెన్షన్ పేర్లతో వచ్చింది. ఇక్కడ 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీయే, తర్వాత కూడా పాత కాగితాలు చాలా ఇళ్లలో తెలుగులోనే ఉన్నాయి. తాతయ్య కొన్న దస్తావేజులో ఇంటిపేరు ముందుంది, ఒడియా పట్టాలో ఇంటిపేరే లేదు, మరణ ధ్రువపత్రంలో పొడి అక్షరాలున్నాయి. ముగ్గురూ ఒకే మనిషని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, ఆధార్ జత చేశాం. ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారు ఇంటికొచ్చి ఇరుగుపొరుగుని కూడా అడిగి వెళ్లాక సర్టిఫికెట్ వచ్చింది. కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కూడా కావాలేమో అని భయపడ్డాం, అది బ్యాంకు డబ్బులు, షేర్ల లాంటి వాటికి, ఇంటికి కాదు.

తర్వాత మ్యుటేషన్, అంటే భూమి రికార్డులో పేరు మార్పు అర్జీ, నోటీసు, విచారణ. పెద్దత్త స్వయంగా వచ్చి సంతకం పెట్టింది. కొత్త పట్టాలో ఇప్పుడు అయిదుగురి పేర్లూ ఉన్నాయి, ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో కూడా కనిపిస్తున్నాయి. మున్సిపాలిటీ పన్ను రసీదులో పేరు మారింది కదా, ఇంకెందుకు అని ఆగిపోయేవాళ్లని చూశాను, దయచేసి ఆగకండి, ఆ రసీదు పన్ను కట్టినట్టు చెబుతుందంతే.

పెద్దత్త తన వాటా మా తమ్ముడికి రాసిచ్చేస్తానంటోంది. వద్దని నేను, ఇస్తానని ఆవిడ, ఇంకా తెగలేదు. ఇచ్చినా రిజిస్టర్ చేసిన హక్కు విడుదల పత్రం ఉండాల్సిందే, నోటి మాట, తెల్ల కాగితం చెల్లవు. చిన్నత్త కొడుకు మైనరు కాబట్టి వాడి వాటాని కోర్టు అనుమతి లేకుండా వాళ్ల నాన్న కూడా వదులుకోలేడు. అందుకే వాడికి పద్దెనిమిది నిండే దాకా పంపకం జోలికి పోకూడదనుకున్నాం. ముందు గది అద్దెలో వాడి వంతు వాడి ఖాతాలోనే వేస్తున్నాం.