ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్లను ప్రశ్నలు అడిగే ముందు, అడిగిన తరువాత: నా అనుభవం

కోడ్‌ను ఎవరైనా చూసి మార్పులు సూచించగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పంపిన మొదటి ప్యాచ్ (కోడ్‌లో ప్రతిపాదించిన మార్పు) తిరస్కరణకు గురైన తరువాత కొందరు కొత్తవాళ్లు మళ్లీ ఎందుకు కనిపించరు, కొందరు ఎందుకు నిలబడతారు అన్నది నా పీహెచ్‌డీ పరిశోధనాంశం. దీనికి జవాబు చెప్పగలిగినవారిలో చాలామంది ఉద్యోగం ముగించుకొని రాత్రి పూటో, సెలవు రోజునో కోడ్ రాసే మనుషులు. వారి సమయాన్ని ఏ హక్కుతో అడుగుతున్నామన్నది తేలకుండా ప్రశ్నావళి జోలికి పోకూడదని నేనూ మా గైడ్ గారూ మొదట్లోనే అనుకున్నాం.

ఆవిడ ముందుగా నా చేత చదివించినది మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఉదంతం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి వచ్చే మార్పుల సమీక్షలో లోపాలు పట్టుబడతాయో లేదో చూడటానికి అక్కడి పరిశోధకులు కావాలనే లోపాలు పెట్టిన ప్యాచ్‌లను, ఆ సంగతి మెయింటెయినర్లకు (మార్పులను పరిశీలించి స్వీకరించే బాధ్యులకు) ముందుగా చెప్పకుండా పంపారు. అది మనుషులపై చేసే పరిశోధన కిందికి రాదని ఆ విశ్వవిద్యాలయ నైతిక సమీక్షా మండలి భావించింది. 2021 ఏప్రిల్‌లో కెర్నెల్ మెయింటెయినర్లలో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ అక్కడి నుంచి వచ్చే మార్పులను ఇక స్వీకరించబోమని ప్రకటించారు. పరిశోధకులు తమ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకు ముందు ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 400కు పైగా మార్పులను కెర్నెల్ డెవలపర్లు మళ్లీ ఒక్కొక్కటిగా పరిశీలించవలసి వచ్చింది. ఆ ప్రయోగంతో ఏ సంబంధమూ లేనివారి మీద పడిన ఆ శ్రమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

తరువాత కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో పరిశోధకుల కోసమే ఒక మార్గదర్శక పత్రం చేరింది. బహిరంగంగా ఉన్న కోడ్‌నూ చర్చలనూ చదివి చేసే పరిశోధనకు అభ్యంతరం లేదనీ, డెవలపర్ల ప్రవర్తనను పరీక్షించదలిస్తే వారికి అంతా చెప్పి స్పష్టమైన అంగీకారం తీసుకోవాలనీ, సర్వేలను మాత్రం ప్రోత్సహించబోమనీ అందులో ఉంది. సర్వే వల్ల జవాబిచ్చేవారికి గానీ వారి ప్రాజెక్టుకు గానీ తిరిగి వచ్చేది ఏమీ ఉండదన్నది వారు చూపిన కారణం. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. అందుకే కెర్నెల్ డెవలపర్లకు నా ప్రశ్నావళి పంపలేదు. అక్కడి కమిట్ల (నమోదైన కోడ్ మార్పుల) చరిత్రనూ సమీక్షలనూ చదవడంతో సరిపెట్టుకున్నాను.

ఆ చదువు మిగతా ప్రాజెక్టుల విషయంలోనూ పనికొచ్చింది. మొదటి ప్యాచ్‌కు జవాబు ఎన్నాళ్లకు వచ్చింది, ఆ తరువాత మరొకటి పంపారా అన్నవి ప్రాజెక్టు కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే రిపాజిటరీలోనే కనిపిస్తాయి గనుక వాటిని మనుషులను అడగనక్కరలేదు. ఆ చరిత్ర చెప్పలేనివి, అంటే తిరస్కరణ చదివినప్పుడు ఏమనిపించింది, ఎవరితోనైనా చెప్పుకున్నారా, ఏ మాట చూసి మళ్లీ ప్రయత్నించారు వంటివే ప్రశ్నావళిలో ప్రధానంగా మిగిలాయి.

మా ఎథిక్స్ కమిటీ దరఖాస్తు ఫారం ప్రధానంగా వైద్య పరిశోధన కోసం తయారైనది కావడంతో, సగం గడుల్లో ‘వర్తించదు’ అని రాసి, మిగిలిన వివరాలను వేరే కాగితాల్లో జతచేశాను. కమిటీ సభ్యులొకరు, “అందరికీ కనిపించే ఈమెయిల్‌కు ఉత్తరం రాస్తే తప్పేముందమ్మా?” అని అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనంలో ప్రతి కమిట్‌తోనూ పేరు, ఈమెయిల్ నమోదవుతాయి. ఎవరి పని ఎవరిదో తెలియడానికి అవి అక్కడ ఉన్నాయి తప్ప, ముక్కూ మొహం తెలియనివారు ఉత్తరాలు రాస్తారని ఎవరూ వాటిని ఇవ్వలేదు. ఇలాంటి ప్రాజెక్టులను ఉంచే వెబ్‌సైట్ గిట్‌హబ్ నియమాలు కూడా అక్కడి నుంచి సేకరించిన సమాచారంతో అయాచిత ఈమెయిళ్లు పంపడాన్ని నిషేధిస్తున్నాయి. గిట్‌హబ్ సమాచారాన్ని పరిశోధకులకు అందించిన జీహెచ్‌టోరెంట్ ప్రాజెక్టు, 2016లో సర్వే ఈమెయిళ్ల మీద ఫిర్యాదులు వచ్చాక, తాను పంచే డేటా నుంచి ఈమెయిళ్లను తీసివేసింది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తి తానే బహిరంగపరచిన వివరాలను తన పరిధి నుంచి మినహాయించిన మాట నిజమే. అయినా చట్టం ఒప్పుకునేదీ, ఆ మనిషి తన చిరునామా ఇస్తూ ఆశించినదీ ఒకటి కావని కమిటీకి వివరించాను. ఎవరికీ నేరుగా రాయకుండా, ప్రాజెక్టు అనుమతితో దాని సొంత వేదికలోనే ఆహ్వానం ఉంచే పద్ధతికి ఆమోదం లభించింది.

గోప్యత గురించి నేను అనుకున్నదానికన్నా చాలా లోతుగా ఆలోచించవలసి వచ్చింది. పేరు అడగకపోతే చాలదు. గిట్‌హబ్ 2017లో చేసిన ఓపెన్ సోర్స్ సర్వేలో జవాబిచ్చినవారిలో 95 శాతం పురుషులు, 3 శాతం మాత్రమే స్త్రీలు. అలాంటి చోట ప్రాజెక్టు పేరూ, దేశమూ, ‘స్త్రీ’ అన్న జవాబూ ఒకే వరుసలో పడితే ఆమె ఎవరో ఆ ప్రాజెక్టులో అందరికీ తెలిసిపోతుంది. అందుకని దేశం ప్రశ్నను తీసేసి, అనుభవాన్ని సంవత్సరాల అంకెగా కాక శ్రేణులుగా అడిగి, ప్రాజెక్టు పేరును మిగతా జవాబుల నుంచి విడదీశాం. సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే (స్థానికీకరణ చేసే) స్వచ్ఛంద కార్యకర్తల విషయంలో ఇదీ కుదరలేదు. ఒకరినొకరు బాగా ఎరిగిన చిన్న బృందంలో వాక్యం తీరును బట్టే మనిషిని పోల్చుకుంటారు. వారితో సర్వే మానుకొని, తెలుగులో తీరిగ్గా మాట్లాడి, నేను రాసుకున్నది వారికే చూపించి, వద్దన్న భాగాలు తొలగించాను.

ప్రశ్నావళిని మా విశ్వవిద్యాలయ సర్వర్ మీద లైమ్‌సర్వే అనే సర్వే సాఫ్ట్‌వేర్‌లో నడిపాను. లాగిన్ అక్కరలేదు, ఐపీ అడ్రసు నమోదు చేయలేదు, ఏ ప్రశ్ననైనా వదిలేయవచ్చు. ప్రాజెక్టుల బాధ్యులకు మొత్తం ప్రశ్నలతో పాటు నిధులెవరివి, డేటా ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తాం అన్నవి ముందుగానే రాసి పంపాను. కొందరు వద్దన్నారు. కారణం అడగలేదు. ఒక మెయింటెయినర్ మాత్రం, “తిరస్కరించినవారినీ అడగండి, మాకూ అది సులువు కాదు” అని రాశారు. ఆయన సూచనతో సమీక్షకుల కోసం చేర్చిన భాగమే ఇప్పుడు నా సిద్ధాంత వ్యాసంలో అన్నిటికన్నా బలమైన అధ్యాయం.

ఈ పద్ధతికి ఒక పెద్ద పరిమితి ఉంది. ప్రాజెక్టు వేదికలో ఉంచిన ఆహ్వానం అక్కడ ఇంకా ఉన్నవారికే కనిపిస్తుంది. వెళ్లిపోయినవారు, అంటే నేను ఎక్కువగా వినాలనుకున్నవారు, దాన్ని చూడరు. కమిట్‌లలోని ఈమెయిళ్లకు రాస్తే వారు దొరుకుతారని ఒక పత్రిక సమీక్షకులు సూచించారు. అలా చేయలేనని కారణాలతో జవాబిచ్చి, వారి గొంతు నా ఫలితాల్లో లేదన్న సంగతిని పత్రం మొదటి పేజీలోనే పెట్టాను. పత్రం అచ్చయ్యే ముందే సంక్షిప్త నివేదికను అనుమతిచ్చిన ప్రాజెక్టులన్నిటికీ పంపాను. వాటిలో ఒకటి, ప్యాచ్‌ను తిరస్కరించేటప్పుడు ఏ మార్పు చేస్తే స్వీకరిస్తారో కూడా రాయాలని తన సమీక్షకుల సూచనల్లో చేర్చుకుంది.